పొలిమేర సీమలో ఫాదర్ హయ్యర్

మన గుంటూరు సీమ క్రైస్తవులలో ఫాదర్ హయ్యర్ గారి పేరు విననివారు అరుదు. 1842 జులై 31న వారు గుంటూరు చేరిన సంగతి మనమందరము ఎరుగుదుము. కాని వారు పల్నాటిలో గడిపిన కష్టకాలమును, కాలువల నీటితో వరి పండించుకొను డెల్టావారమైన మనము అంతగా తలంచుకొనము. అందుచేత ఈ శతాబ్ది సంచికలో ఆ సంగతి వ్రాయ తలపెట్టితిమి.

హయ్యర్ గారు 1793 జులై 10న జర్మనీ దేశములో హెల్మ్‌స్టెట్ అను పట్టణమున జన్మించిరి. అది బ్రన్స్విక్ అను చిన్న సంస్థానములోనిది. పొరుగున ప్రష్యా రాజ్యము. 1576లో స్థాపింపబడిన విశ్వవిద్యాలయము ఆ ఊరికి పేరు తెచ్చినది. నెపోలియన్ యుద్ధముల కాలమున, 1807లో, పదునాలుగేండ్ల ఆ బాలుని తల్లిదండ్రులు అమెరికాలోని మేనమామ యొద్దకు పంపిరి. 1810లో ఆ విశ్వవిద్యాలయము మూతపడెను. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత జర్మనీ రెండుగా చీలినప్పుడు, 1990 వరకు, సరిహద్దు ఆ ఊరి ప్రక్కనే ఉండెను.

హయ్యర్ గారు అమెరికాలో బోధకులై ఊరూర తిరిగి సేవ చేసిరి. 1839లో భార్య మేరీ గారు మరణించిరి. 1841లో, నలుబది ఎనిమిదేండ్ల వయస్సున, ఓడనెక్కి మన దేశమునకు బయలుదేరిరి. గుంటూరులో కలెక్టరు స్టోక్స్ దొరగారు వారికి అండగా నిలిచిరి. ఆరోగ్యము చెడి అమెరికా వెళ్లినప్పుడు వైద్యవిద్య ముగించుకొని, 1848లో తిరిగి వచ్చిరి.

మరుసటి సంవత్సరము గురజాలకు కాపురము మార్చిరి. పల్నాడు మన సీమ వంటిది కాదు. సున్నపురాతి నేల, జొన్న పైరు, మండుటెండలు. ఒక వైపు నల్లమల కొండలు, మరియొక వైపు కృష్ణానది. నది దాటిన ఆవలి ఒడ్డు ఆనాడు నైజాము రాజ్యము, నేడు తెలంగాణ. పన్నెండవ శతాబ్దములో గురజాలకును మాచెర్లకును వైరము పుట్టి, నాగులేటి ఒడ్డున కారెంపూడిలో వీరులు నేలకొరిగిరి. నాగార్జునసాగర్ కాలువలు రాక మునుపు వానయే దిక్కు. అట్టి చోట హయ్యర్ గారు రోగులకు మందిచ్చుచు, బడులు నడుపుచు, బీదలకు సువార్త చెప్పిరి. 2022లో పల్నాడు నరసరావుపేట ముఖ్య పట్టణముగా ప్రత్యేక జిల్లా అయినది.

1857లో వారు అమెరికాకు మరలిరి. అంతటితో విశ్రమించవచ్చును. కాని 1869లో రాజమండ్రి మిషను పని ఇంగ్లండువారి సంఘమునకు అప్పగింపబడబోవుచుండగా, డెబ్బదియారేండ్ల ఆ వృద్ధుడు తానే వెళ్లెదనని లేచి నిలిచెను. ఆ పని నిలిచినది. 1871లో తిరిగి వెళ్లి, 1873 నవంబరు 7న ప్రభువునందు నిద్రించిరి. పెన్సిల్వేనియాలో భార్య సమాధి ప్రక్కనే వారిని పాతిపెట్టిరి.

పొలిమేర ఊరిలో పుట్టినవారు పొలిమేర సీమనే కోరుకొనిరి. మా రామాపురము వంటి చిన్న ఊళ్లకు వాక్యము అందినది అట్టి వారి నడక వలననే గదా! శతాబ్ది పండుగ చేసికొను మనము కట్టిన గుడులను లెక్కించుకొందుము. మంచిదే. ఇంకను ఎవరును వెళ్లని ఊళ్లను కూడ లెక్కించుకొని, వారిలో ఒక్కరి శ్రమనైనను మనము పంచుకొనునట్లు దేవుడు కృప చూపును గాక.