పన్ను వసూలుకు వేలంపాట.. ఆ దందాకు చెక్ పెట్టిన 24 ఏళ్ల దివాన్! ఎవరీ మొదటి సాలార్ జంగ్?

సాలార్ జంగ్ అనగానే మనకు మ్యూజియమే గుర్తొస్తుంది. మేలిముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ, గంట కొట్టే గడియారం ముందు గుంపుగా నిలబడ్డ జనం. నిజానికి ఆ మ్యూజియంలోని వస్తువుల్లో ఎక్కువ భాగం సేకరించింది మూడో సాలార్ జంగ్. రెబెక్కాను ఇటలీలో కొన్నది మాత్రం ఆయన తాత, మొదటి సాలార్ జంగ్. అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. కానీ ఆయన చేసిన అసలు పని మ్యూజియంలో కనబడదు. అది చూడాలంటే తంగళ్ళపల్లి లాంటి చోటికి రావాలి.

తంగళ్ళపల్లి నుంచి మానేరు వంతెన దాటితే సిరిసిల్ల. ఇక్కడి మరమగ్గాల మీద నేసిన బట్ట లారీ ఎక్కితే రాష్ట్రాలు దాటి పోతుంది. బిల్లు మీద జీఎస్టీ ఎంతో ముందే తెలుసు. 2017 జులై 1 తర్వాత రాష్ట్రాల సరిహద్దుల్లో పన్ను చెక్‌పోస్టులు పోయాయి. పన్ను చూసుకునేది జీతం తీసుకునే సర్కారు అధికారి. ఇందులో వింతేముంది అనిపిస్తుంది కదా? నూట డెబ్బై ఏళ్ల కింద నిజాం రాజ్యంలో ఇవేవీ లేవు. పన్ను ఎంత అన్నది తెలియదు. ఎవరు వసూలు చేస్తారన్నది ఏటా మారిపోయేది. సరుకు నాలుగు ఊళ్లు దాటాలంటే నాలుగు చోట్ల సుంకం కట్టాలి.

పాట పాడుకో.. పన్ను వసూలు చేసుకో!

అప్పట్లో నడిచిన పద్ధతి పేరు ఇజారా. ఇప్పుడు మన ఊళ్లో చెరువు చేపలకో, సంత తైబజారుకో వేలం పెడతారు చూడండి, అచ్చం అలాగే. కాకపోతే అక్కడ వేలం పెట్టింది రైతుల శిస్తును. ఉదాహరణకు ఒక ప్రాంతాన్ని ఒకడు లక్ష రూపాయలకు పాడుకున్నాడనుకుందాం. ఆ లక్ష సర్కారుకు కడతాడు. ఆ తర్వాత రైతుల దగ్గర ఎంత పిండుకుంటే అంత వాడి లాభం. వచ్చే ఏడాది పాట తనకే దక్కుతుందన్న నమ్మకం లేదు కాబట్టి ఆ రైతు బతికినా, ఊరు విడిచి పోయినా వాడికి పట్టింపు లేదు. చెరువు కట్ట తెగినా బాగు చేయించడు. ఎందుకంటే ఆ ఖర్చు వాడిది, దాని ఫలం తర్వాత పాడుకున్నోడిది. మనిషి చెడ్డోడా మంచోడా అన్నది కాదు ఇక్కడ ప్రశ్న. పద్ధతే అలా ఉంది.

దీనికి తోడు అప్పులు. సైన్యానికి జీతాలివ్వడానికి డబ్బుల్లేక నిజాం సర్కారు సాహుకార్ల దగ్గర, అరబ్బు, రోహిల్లా సైనిక నాయకుల దగ్గర అప్పు తెచ్చేది. తాకట్టుగా ఏం పెట్టేది? జిల్లాల రాబడినే! అంటే అప్పిచ్చినోడే వచ్చి ఆ ప్రాంతంలో పన్ను వసూలు చేసుకునేవాడు. రాబడి చేతికి రాదు కాబట్టి సర్కారు మళ్లీ అప్పు చేసేది.

పదవి చేతికొచ్చే నాటికి ఖజానా ఖాళీ

మీర్ తురాబ్ అలీ 1829 జనవరి 21న పుట్టారు. తండ్రి చిన్నప్పుడే పోయారు. దివాన్ పదవి ఆ కుటుంబానికి కొత్త కాదు. మీర్ ఆలం చెరువుకు పేరిచ్చిన మీర్ ఆలం వీళ్ల పూర్వీకుడే. చిన్న వయసులోనే ఖమ్మం ప్రాంతంలో కొన్ని నెలలు తాలూక్‌దారుగా పనిచేసి, వసూళ్ల వ్యవహారం దగ్గరుండి చూశారు.

1853 మే నెల. బ్రిటిష్ వాళ్ల దగ్గర ఉన్న సైన్యం ఖర్చు బాకీ పడిందని నిజాంతో సంతకం పెట్టించుకుని బీరారు, రాయచూరు, ధారాశివ్ ప్రాంతాలను కంపెనీ తన చేతికి తీసుకుంది. బీరారు అంటే పత్తి నేల. రాజ్యానికి అదే పెద్ద రాబడి. ఆ ఒప్పందం జరిగిన కొద్ది రోజులకే దివాన్‌గా ఉన్న తండ్రి సోదరుడు సిరాజుల్ ముల్క్ కన్నుమూశారు. ఆ కుర్చీ 24 ఏళ్ల కుర్రాడికి దక్కింది. అభినందనలు చెప్పాలో, అయ్యో పాపం అనాలో తెలియని పరిస్థితి!

ఆయన మొదట చేసిన పని అప్పులోళ్లతో లెక్క తేల్చుకోవడం. ఒక్కొక్కరికే బాకీ తీరుస్తూ తాకట్టులో ఉన్న ప్రాంతాలను విడిపించారు. చెప్పిన తేదీకి చెల్లింపు చేయడం మొదలయ్యాక సర్కారు మాటకు బజారులో విలువ పెరిగింది. ఇప్పుడు బ్యాంకులు మన క్రెడిట్ స్కోర్ చూస్తాయి కదా, రాజ్యానికైనా అదే సూత్రం.

ఆ తర్వాత ఇజారాదార్లను పక్కన పెట్టడం మొదలైంది. వాళ్ల చోట జీతగాళ్లను పెట్టారు. ఎంత పిండితే అంత అన్న లాభం వీళ్లకు లేదు. 1865లో జిలాబందీ అమల్లోకి తెచ్చి రాజ్యాన్ని జిల్లాలుగా, తాలూకాలుగా విడగొట్టారు. జిల్లాకు అవ్వల్ తాలూక్‌దార్, అంటే ఇప్పటి కలెక్టర్. తాలూకాకు తహసీల్దార్. మన సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలు అలాగే ఎలగందుల జిల్లాలో చేరాయి. మానేరు ఒడ్డున ఎలగందుల కోటను చూసినోళ్లకు అది ఒకప్పుడు జిల్లా కేంద్రమన్న సంగతి గుర్తుండకపోవచ్చు.

ధాన్యంలో వాటా తీసుకునే పద్ధతిని కూడా తగ్గించి శిస్తును నగదులోకి మార్చారు. ఇది మంచిదేనా? సగం సగం. కల్లం దగ్గర కాపలా పెట్టి ధాన్యం కొలిచి దోచుకునే తంతు తగ్గింది. కానీ రైతుకు ఇప్పుడు చేతిలో రూపాయలు కావాలి. అందరూ ఒకేసారి కోతలు కోసి ఒకేసారి అమ్మితే ధర పడిపోతుంది. ఆగుదామంటే శిస్తు గడువు ఆగదు. దాంతో సాహుకారి గడప తొక్కక తప్పలేదు. వడ్ల కొనుగోలు కేంద్రం ఎప్పుడు తెరుస్తారా అని కుప్పల దగ్గర కాపలా కాసిన రైతుకు ఈ బాధ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఒకే రూపాయి.. ఒకే నాకా

బజారు సంగతి కూడా అంతే గజిబిజి. గద్వాల, నారాయణపేట లాంటి చోట్ల వేరే టంకశాలలు ఉండేవి. ఒక ఊరి రూపాయి ఇంకో ఊళ్లో పూర్తి విలువకు చెల్లదు. ప్రతి లావాదేవీలో సరాఫు తన బట్టా కోసుకునేవాడు. సాలార్ జంగ్ బయటి టంకశాలలను మూయించి, హైదరాబాద్‌లోనే నాణెం అచ్చయ్యేలా చేశారు. అదే హాలీ సిక్కా. 1950ల దాకా మన తాతలు లెక్క పెట్టింది ఆ సిక్కాల్లోనే.

సరుకుల మీద రాజ్యం లోపల దారి పొడవునా వసూలు చేసే రాహదారీ సుంకాలను కూడా ఎత్తేయించారు. సరిహద్దు నాకాల దగ్గర కరోడ్‌గిరి శాఖ వసూలు చేసే సుంకం మిగిలింది. నేతగాడి వైపు నుంచి చూస్తే తేడా తెలుస్తుంది. నూలు వచ్చేటప్పుడు నాలుగు సుంకాలు, బట్ట పోయేటప్పుడు నాలుగు సుంకాలు పడితే ఆ భారమంతా చివరికి చీర ధర మీద పడుతుంది. లేదా నేసినోడి కూలిలో కోత పడుతుంది.

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. నిజాం సర్కారు ఖర్చుతోనే. సరుకు రవాణా సులువైంది. అదే రైల్లో మిల్లు బట్ట కూడా దిగింది, అది వేరే కథ.

చంపబోయిన వాళ్లూ ఉన్నారు

ఇవన్నీ సాఫీగా జరగలేదు. లాభాలు పోయినోళ్లకు ఆయనంటే కోపం. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ ముందుండి కోఠి రెసిడెన్సీ మీద దాడి చేస్తే సాలార్ జంగ్ ఇంగ్లిష్ వాళ్ల పక్షాన నిలబడ్డారు. ఆ మచ్చ ఇప్పటికీ ఆయన పేరు మీద ఉంది. రాజ్యాన్ని నిలబెట్టారని ఒకరంటే, ద్రోహం చేశారని ఇంకొకరంటారు. 1859లో దర్బారు నుంచి బయటికి వస్తుండగా ఒకసారి, 1868లో మరోసారి ఆయనపై హత్యాయత్నాలు జరిగాయి. రెండుసార్లూ బయటపడ్డారు.

ఇంగ్లిష్ వాళ్లకు చేసిన సాయానికి 1860లో రాయచూరు, ధారాశివ్ తిరిగొచ్చాయి. 50 లక్షల బాకీ మాఫీ అయింది. బీరారు మాత్రం రాలేదు. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోయి, 1860లలో మన దేశపు పత్తికి గిరాకీ ఆకాశాన్నంటినప్పుడు ఆ నేల ఇంగ్లిష్ వాళ్ల చేతిలోనే ఉంది. 1876లో బీరారు కోసం ఆయన ఇంగ్లండ్ దాకా వెళ్లారు. దారిలో పారిస్‌లో జారిపడి కాలు దెబ్బతింది. ఆక్స్‌ఫర్డ్ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, విందులు చేశారు. బీరారు మాట దగ్గర మాత్రం తల ఊపలేదు. రెబెక్కా బొమ్మను కొన్నది ఈ ప్రయాణంలోనే!

ముగ్గురు నిజాంల దగ్గర 30 ఏళ్లు దివాన్‌గా ఉండి, 1883 ఫిబ్రవరి 8న కలరాతో హైదరాబాద్‌లో చనిపోయారు. వయసు 54.

ఆయన వదిలేసిన ముడి ఒకటి ఉంది. వసూళ్ల పని చేతుల్లోంచి పోయిన దేశ్‌ముఖ్‌లు, దేశ్‌పాండేలు ఊరుకోరు కాబట్టి పరిహారంగా ఏటా రుసుం ఇచ్చే ఏర్పాటు చేశారు. వాళ్లను ఎదిరించేంత బలం ఆ సర్కారుకు లేదు మరి. భూములు, ఊరి మీద పట్టు వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. తరాలు గడిచేకొద్దీ అందులోంచే దొరలు, గడీలు, వెట్టి. 1940లలో సాయుధ పోరాటం లేచింది ఆ దొరతనం మీదే. 1978లో జగిత్యాల జైత్రయాత్ర తర్వాత సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను సర్కారు కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిందంటే, వందేళ్లు దాటినా ఆ లెక్క తెగలేదనే కదా.

ఎలగందుల జిల్లా కేంద్రం 1905లో కరీంనగర్‌కు మారింది. 2016 అక్టోబర్‌లో రాజన్న సిరిసిల్ల జిల్లా వచ్చినప్పుడు తంగళ్ళపల్లి కొత్త మండలమైంది. అక్కడి రెవెన్యూ ఆఫీసు బోర్డు మీద అధికారి హోదా ఇప్పటికీ అదే.. తహసీల్దార్.