జైపాల్ సింగ్ ముండా: ఆక్స్‌ఫర్డ్ హాకీ మైదానం నుంచి రాజ్యాంగ సభ వరకు

న్యూఢిల్లీ: ఒలింపిక్ హాకీలో భారతదేశానికి తొలి స్వర్ణం సాధించిన జట్టుకు సారథి ఆయన. రాజ్యాంగ సభలో ఆదివాసుల గొంతు వినిపించిన ప్రతినిధి కూడా ఆయనే. క్రీడ కోసం ఐసీఎస్ కొలువును వదులుకున్న జైపాల్ సింగ్ ముండా, జీవితంలోని చివరి రెండు దశాబ్దాలకు పైగా కాలాన్ని ఢిల్లీలోని చట్టసభల్లో తన ప్రజల పక్షాన నిలిచి గడిపారు.

ప్రస్తుత ఝార్ఖండ్‌లోని ఖూంటీ ప్రాంతానికి చెందిన టకరా గ్రామంలో 1903 జనవరి 3న ఒక ముండా కుటుంబంలో ఆయన జన్మించారు. చిన్ననాటి పేరు ప్రమోద్ పాహన్. రాంచీలోని సెయింట్ పాల్స్ పాఠశాలలో చదువుతుండగా ఆయన ప్రతిభను గుర్తించిన ప్రధానాచార్యుడు కేనన్ కాస్‌గ్రేవ్ ఉన్నత విద్య కోసం ఇంగ్లండ్ తీసుకెళ్లారు. ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరిన జైపాల్, 1926లో అర్థశాస్త్రంలో ఆనర్స్ పట్టా పొందారు.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ హాకీ జట్టులో ఆయన రక్షణ శ్రేణి ఆటగాడిగా స్థానం సంపాదించారు. తప్పిదానికి తావివ్వకుండా ప్రత్యర్థి నుంచి బంతిని లాక్కోవడం, గురి తప్పని బలమైన దెబ్బతో దానిని తమ ఆటగాళ్లకు అందించడం ఆయన ఆటలోని ప్రత్యేకతలు. కేంబ్రిడ్జ్‌తో జరిగే వార్షిక పోటీలో విశ్వవిద్యాలయం తరఫున ఆడినవారికి దక్కే గౌరవం ‘బ్లూ’. హాకీలో ఆక్స్‌ఫర్డ్ బ్లూ అందుకున్న తొలి భారతీయ విద్యార్థిగా జైపాల్ చరిత్రకెక్కారు.

పాలకుల దేశంలో, వారి విద్యాలయంలో దక్కిన ఆ గుర్తింపే ఆయనను ఒలింపిక్ జట్టు వరకు నడిపించింది. 1925లో ఏర్పడిన భారత హాకీ సమాఖ్య, 1928 ఆమ్‌స్టర్‌డామ్ క్రీడలకు పంపే జట్టు పగ్గాలను ఆయనకు అప్పగించింది. అప్పటికే ఐసీఎస్‌కు ఎంపికై ఇంగ్లండ్‌లో శిక్షణ పొందుతున్న ఆయన సెలవు కోరగా, అధికారులు నిరాకరించారు. అనుమతి లేకుండానే ఆయన జట్టుతో కలిసి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లారు.

ఆస్ట్రియా, బెల్జియం, డెన్మార్క్, స్విట్జర్లాండ్ జట్లను భారత్ వరుసగా ఓడించింది. 1928 మే 26న జరిగిన తుది పోరులో ఆతిథ్య నెదర్లాండ్స్‌పై 3–0తో గెలిచింది. మొత్తం ఐదు మ్యాచ్‌లలో 29 గోల్స్ సాధించి, ప్రత్యర్థులకు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. వాటిలో 14 గోల్స్ ధ్యాన్‌చంద్‌వే. అయితే యాజమాన్యంతో తలెత్తిన విభేదాల నడుమ జైపాల్ జట్టుకు దూరమయ్యారు. తుది పోరులో ఎరిక్ పినిగర్ సారథ్యం వహించారు. స్వర్ణం గెలిచిన రోజున సారథి మైదానంలో లేకపోవడం ఆ విజయగాథలో మిగిలిపోయిన వెలితి.

అనుమతి లేకుండా వెళ్లినందుకు మరో ఏడాది శిక్షణ పొందాలని అధికారులు షరతు విధించారు. జైపాల్ దానికి తలవంచలేదు. ఐసీఎస్‌నే విడిచిపెట్టారు. అనంతరం కలకత్తాలో బర్మా షెల్ సంస్థలో ఉద్యోగం చేస్తూనే మోహన్ బగాన్ క్లబ్‌లో హాకీ జట్టు ఏర్పాటుకు కృషి చేశారు. ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌లో, తర్వాత రాయ్‌పూర్ రాజ్‌కుమార్ కళాశాలలో బోధనా రంగంలో ఉన్నారు. బికనేర్ సంస్థానంలోనూ పనిచేశారు.

1939లో రాంచీలో జరిగిన ఆదివాసీ మహాసభకు అధ్యక్షత వహించడంతో ఆయన జీవితం కొత్త మలుపు తిరిగింది. 1946లో బిహార్ నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. అదే ఏడాది డిసెంబరు 19న ఢిల్లీలో లక్ష్యాల తీర్మానంపై మాట్లాడుతూ, ఆదివాసులకు ప్రజాస్వామ్యాన్ని ఎవరూ నేర్పనక్కరలేదని, వారి నుంచే దానిని నేర్చుకోవాలని సభకు గుర్తుచేశారు. సభలో ఆదివాసీ మహిళలకు చోటు లేకపోవడాన్నీ ఎత్తిచూపారు.

మద్యనిషేధాన్ని రాజ్యాంగంలో చేర్చే ప్రతిపాదన వచ్చినప్పుడు, బియ్యంతో కాచే పానీయం ఆదివాసుల పూజల్లోనూ వ్యవసాయ శ్రమలోనూ భాగమని వాదించారు. ‘షెడ్యూల్డు తెగలు’ అనే మాటకు బదులు ‘ఆదివాసీ’ అనే పదాన్నే వాడాలని పట్టుబట్టారు. ఆ పదానికి నిర్దిష్టమైన చట్టపరమైన అర్థం లేదంటూ అంబేడ్కర్ అంగీకరించలేదు. ఈ రెండు వాదాల్లోనూ జైపాల్ నెగ్గలేదు. అయినా తమ గురించి ఇతరులు మాట్లాడటం కాదు, తామే మాట్లాడాలన్న పట్టుదలను సభ చర్చల్లో శాశ్వతంగా నమోదు చేశారు.

ఆయన స్థాపించిన ఝార్ఖండ్ పార్టీ 1952 ఎన్నికల్లో బిహార్ శాసనసభలో ప్రధాన ప్రతిపక్షంగా నిలిచింది. భాష ప్రాతిపదికన 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కాలమది. అయితే రాష్ట్రాల పునర్విభజన కమిషన్ ఝార్ఖండ్ డిమాండును తోసిపుచ్చింది. ఆ ప్రాంతమంతటికీ ఉమ్మడి భాష లేకపోవడం కూడా అందుకు చూపిన కారణాల్లో ఒకటి. తెలుగువారికి బలమైన భాషా ప్రాతిపదికే, అనేక భాషల ఆదివాసీ నేలకు అడ్డంకిగా మారింది.

1963లో జైపాల్ తన పార్టీని కాంగ్రెస్‌లో విలీనం చేశారు. ఆ నిర్ణయం అనుచరుల్లో చాలామందిని నిరాశపరిచింది, ఉద్యమం చెల్లాచెదురైంది. అయినప్పటికీ ఓటర్లు ఆయనను 1952 నుంచి వరుసగా నాలుగుసార్లు లోక్‌సభకు పంపారు. పార్లమెంటు సభ్యుడిగా ఉండగానే 1970 మార్చి 20న ఢిల్లీలో ఆయన కన్నుమూశారు.

ఆయన కోరిన రాష్ట్రం మరో మూడు దశాబ్దాలకు, 2000 నవంబరు 15న సాకారమైంది. రాంచీలో ఆయన పేరిట ఒక క్రీడా మైదానం ఉంది.