సర్ శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగు

కాలమును కొలుచుట ఒక యెత్తు. కొలిచిన కాలమును సందేహము లేకుండ పదుగురికి తెలుపుట మరియొక యెత్తు. మన పంచాంగముల ననుసరించి దినము సూర్యోదయముతో మొదలగును. దానికి 60 గడియలు, గడియకు 24 నిమిషములు. గడియారము లెక్కలో దినము అర్ధరాత్రితో మొదలగును. 12 గంటలు రెండుమారులు వచ్చును. కావున గంట చెప్పినంత మాత్రమున అది పగలో రేయో తెలియదు. ఈ చిక్కును విప్పుటకు పాటుపడిన మహనీయుడు సర్ శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగు.

ఆయన 1827లో స్కాట్లండులోని కర్కాల్డీ పట్టణమున జన్మించెను. పదునెనిమిదేండ్ల ప్రాయమున కెనడా చేరి, సర్వేయరుగా జీవితము నారంభించి, కొండలు కోనలు దాటి రైలుమార్గములు వేయించిన ప్రధాన ఇంజనీరుగా ఖ్యాతి గడించెను.

1876లో ఆయన ఐర్లండులోని బండోరన్ స్టేషనుకు వెళ్లెను. సాయంకాలము 5-35కు బండి కలదని కాలపట్టికలో నుండెను. ఎంతసేపు నిరీక్షించినను బండి రాలేదు. అది ఉదయము 5-35కు పోవు బండి! ఎ.ఎం. అని యుండవలసిన చోట పి.ఎం. అని అచ్చుపడినది. ఒక్క అక్షరము తారుమారైనందున ఆయన మరునాటి ఉదయము వరకు వేచియుండవలసి వచ్చెను.

మరియొకరైన విసుగుకొని మరచియుందురు. ఫ్లెమింగు అట్లు చేయలేదు. గంటలను 1 మొదలు 24 వరకు వరుసగా లెక్కించిన ఇట్టి పొరపాటునకు తావుండదని తలచెను. ఆ కాలమున అమెరికా ఖండములో ఊరి కొక వేళ యుండెను. భూగోళము 360 భాగలు 24 గంటలలో తిరుగును గనుక, 15 భాగల కొక మండలముగా విభజించి, మండలమునకు మండలమునకు ఒక గంట భేద ముంచవలెనని 1879లో టొరాంటోలో ప్రతిపాదించెను. తొలుత పలువురు పెడచెవిని పెట్టిరి. ఆయన పట్టు విడువలేదు. 1883 నవంబరు 18న అమెరికా, కెనడా రైల్వేలు మండల కాలమును స్వీకరించెను. 1884లో వాషింగ్టనులో 25 దేశముల ప్రతినిధులు సమావేశమై గ్రీనిచ్ రేఖను మూలరేఖగా నిర్ణయించిరి. ఆ సభలో ఫ్లెమింగు కూడ పాల్గొనెను.

భారతదేశమున 1906 జనవరి 1 నుండి గ్రీనిచ్ కంటె ఐదున్నర గంటలు ముందుండు కాలము ప్రామాణిక మయ్యెను. నేడు కాజీపేట నుండి బల్హార్షాకు పోవు మార్గమున పెద్దపల్లి, రామగుండము, మంచిర్యాల స్టేషనులలో సాయంకాలము 5-35ను 17-35 అని వ్రాయుదురు. అయినను చిక్కు పూర్తిగా తీరలేదు. మంగళవారము 0-30కు బండి యన్నచో సోమవారము రాత్రియే స్టేషను చేరవలెను. ఈ సంగతి యెరుగక మంగళవారము రాత్రి పోయిన వానికి బండి యెప్పుడో దాటిపోయి యుండును.

ఫ్లెమింగు 1915లో హాలిఫాక్సులో పరమపదించెను. తనకు కలిగిన కష్టము పరులకు కలుగరాదని తలచి, దానికి ఉపాయము వెదకుటయే ఆయన గొప్పతనము. వేళను వ్రాయునపుడు చదువువాని ఇక్కట్టును తలచుకొనుట మన కర్తవ్యము.