ఈ నెల మహనీయుడు: ఎలక్ట్రానిక్స్ ఎ.ఎస్.రావు గారు



సైన్స్ ఫెయిర్ దగ్గర పడుతోంది. పిఠాపురం బ్రాంచిలో హైస్కూల్ పిల్లలు చాలామంది ఈసారి ఆడియో యాంప్లిఫయర్ చేస్తామని పేర్లిచ్చారు. సెల్‌ఫోన్‌లో పాటను గది నిండా వినిపించే ఆ పెట్టె కోసం వాళ్లు మిమ్మల్ని అడిగేవి పెద్దగా ఏమీ ఉండవు: ఒక ఐసి బోర్డు, స్పీకర్, వాల్యూమ్ కంట్రోల్, 12 వోల్టుల అడాప్టర్, ఇవన్నీ పెట్టుకోవడానికి ఒక డబ్బా. ఇంత తంటా ఎందుకు, కాకినాడలో రెడీమేడ్ మోడల్ కొనిస్తే పని అయిపోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. కొనేముందు మన గోదావరి డెల్టాలోనే పుట్టిన ఒక పెద్దాయన గురించి చదవండి. తయారుగా ఉన్నది కొనుక్కోవాలా, మనమే చేసుకోవాలా అన్న ప్రశ్నతోనే ఆయన ఉద్యోగ జీవితమంతా గడిచింది.

ఆయన పూర్తి పేరు అయ్యగారి సాంబశివరావు. 1914 సెప్టెంబరు 20న భీమవరం దగ్గర మోగల్లులో పుట్టారు. అల్లూరి సీతారామరాజు గారి పూర్వీకుల ఊరు కూడా అదే. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేసి, అక్కడే కొన్నేళ్లు పాఠాలు చెప్పారు. తరువాత టాటా స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌కి వెళ్లి ఇంజనీరింగ్ చదివారు. తిరిగి వచ్చి బొంబాయిలో హోమీ భాభా గారి దగ్గర, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో చేరారు. ఫిజిక్స్ చదివిన మనిషి చేతికి సోల్డరింగ్ పని వచ్చింది అక్కడే అనుకోవచ్చు.

అక్కడ అప్పట్లో కాస్మిక్ కిరణాల మీద పరిశోధన జరుగుతోంది. ఆకాశం నుంచి వచ్చే కణం ఒకటి కౌంటర్ గొట్టంలోంచి దూసుకుపోతే ఒక చిన్న విద్యుత్ తరంగం పుడుతుంది. రెప్పపాటు కూడా ఉండదు. దాన్ని లెక్క పెట్టాలంటే ముందు పెద్దది చేయాలి. మీ పిల్లవాడి ఐసి సెల్‌ఫోన్ పాటకు చేసేదీ ఇదే పని. ఒక్కటే తేడా. పాటలో కాస్త గుర్రుమనే హమ్మింగ్ కలిసినా మన చెవి సర్దుకుపోతుంది. కౌంటర్ సర్దుకోదు, ఆ హమ్మింగ్‌నే ఒక కిరణం అనుకుని లెక్కలో వేసేస్తుంది.

అందుకే ఇలాంటి పరికరాల్లో డబ్బా అనేది అందం కోసం పెట్టేది కాదు. ఇనుప రేకుదో, అల్యూమినియందో డబ్బా తీసుకుని గ్రౌండ్‌కి కలిపితే బయటి కరెంటు తీగల ప్రభావం లోపలి సర్క్యూట్‌ను అంతగా తాకదు. చెక్కపెట్టె, ప్లాస్టిక్ డబ్బా ఆ పని చేయలేవు. ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే దాన్ని ఒక మూలకి, సిగ్నల్ లోపలికి వచ్చే చోటుకి వీలైనంత దూరంగా బిగించాలి. లోపలికి వచ్చే తీగ పొట్టిగా ఉండాలి, షీల్డ్ వైర్ అయితే మరీ మంచిది. ఆ రోజుల్లో యాంప్లిఫయర్లు వాల్వులతో నడిచేవి. అవి బల్బుల్లా వేడెక్కేవి కాబట్టి గాలి ఆడేలా డబ్బాకు రంధ్రాలు కూడా పెట్టేవారు. ఇప్పటి ఐసికి అల్యూమినియం హీట్ సింక్ బిగిస్తున్నామంటే అదీ వేడి కోసమే. మీ ఇంట్లో ఖాళీ బిస్కెట్ల డబ్బా ఉంటే పిల్లలకి ఇవ్వండి, దుకాణంలో కొన్న ప్లాస్టిక్ పెట్టె కన్నా అదే నయం. సోల్డరింగ్ చేసేటప్పుడు మాత్రం మీరు పక్కన ఉండండి. 230 వోల్టుల కనెక్షన్ జోలికి వాళ్లను వెళ్లనివ్వకండి.

ఇక రావు గారి జీవితంలో అసలు పరీక్ష అణు రియాక్టర్ రూపంలో వచ్చింది. ట్రాంబేలో అప్సర కడుతున్నారు. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. రియాక్టర్‌ని అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ వ్యవస్థను మాత్రం రావు గారి బృందం ఇక్కడే తయారు చేసింది. లోపల న్యూట్రాన్లు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా అన్నది డిటెక్టర్ ఇచ్చే సన్నటి సంకేతాన్ని పెద్దది చేసి చూస్తేనే తెలుస్తుంది. ఆ సంకేతం తప్పయితే ఆపాల్సిన సమయంలో రియాక్టర్‌ని ఆపలేరు. అలాంటి పనిని స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లు కూడా నిండని దేశంలో, సొంతంగా చేసిన పెట్టెల మీద పెట్టడం మాటలు కాదు. 1956 ఆగస్టు 4న అప్సర పని మొదలుపెట్టింది. సోవియట్ యూనియన్‌ని పక్కన పెడితే ఆసియాలో అదే మొదటి రియాక్టర్. రావు గారికి 1960లో పద్మశ్రీ, 1965లో భట్నాగర్ బహుమతి వచ్చాయి.

పెట్టె మనది అయినంత మాత్రాన సరిపోలేదు. లోపలి రెసిస్టర్లు, కెపాసిటర్లు, వాల్వులు బయటి దేశాల నుంచి రావాల్సి వస్తే, వాళ్లు ఇవ్వని రోజున మన పని ఆగిపోతుంది. 1962లో చైనా యుద్ధం తరువాత ప్రభుత్వానికి ఈ సంగతి బాగా తెలిసొచ్చింది. మరుసటి ఏడాది భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ వేశారు. సభ్యులు మొత్తం నలుగురు: భాభా, విక్రం సారాభాయ్, సూరి భగవంతం, ఎ.ఎస్.రావు. నలుగురిలో ఇద్దరు తెలుగువారు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు కనిపించదో మరి!

1966 జనవరిలో భాభా విమాన ప్రమాదంలో చనిపోయారు. పని మాత్రం ఆగలేదు. 1967 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఇసిఐఎల్ మొదలైంది, దాన్ని నడిపించే బాధ్యత రావు గారి మీద పడింది. ట్రాంబేలో ప్రయోగశాల పనిగా సాగినది ఇక్కడ ఫ్యాక్టరీ పని అయింది. అణు విద్యుత్ కేంద్రాల కంట్రోల్ పరికరాలతో పాటు కంప్యూటర్లు, టీవీలు, వాటికి కావలసిన విడిభాగాలు కూడా అక్కడ చేశారు. మీలో కొందరి చిన్నప్పుడు ఇంట్లో, లేదా పక్కింట్లో, ఇసి టీవీ ఉండే ఉంటుంది. ఆదివారం సినిమాకి వీధంతా దాని ముందే కూర్చునేది. 1972లో ఆయనకు పద్మభూషణ్ ఇచ్చారు.

రావు గారు 2003 అక్టోబరు 31న కన్నుమూశారు. హైదరాబాద్‌లో ఇసిఐఎల్ పక్కనున్న ఎ.ఎస్.రావు నగర్‌కి ఆయన పేరే పెట్టారు. మన పిల్లల్లో అక్కడ బంధువులున్నవారు ఉన్నారు, అడిగితే ఆ పేరు ఎవరిదో ఒకరిద్దరికి మించి చెప్పలేకపోయారు. ఎన్నికల ఓటింగ్ యంత్రాలు తయారు చేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో ఆయన నిలబెట్టిన ఇసిఐఎల్ ఒకటి. ఈసారి మీరు ఓటు వేసి బీప్ శబ్దం విన్నాక, యంత్రం మీద ఆ పేరు కనిపిస్తుందేమో చూసి ఇంటికొచ్చి పిల్లలకి చెప్పండి.