ద్రవగతి నెరిగిన ధీమంతుడు: సర్ జార్జి గాబ్రియల్ స్టోక్సు

నీటికిని ఆముదమునకును ప్రవాహమందు గల భేదము ప్రతి గృహిణికిని తెలిసినదే. గిన్నె వంచినంతనే నీరు జారిపోవును. ఆముదము మెల్లమెల్లగా దిగును. ద్రవమందలి పొరలు ఒకదానితో నొకటి ఒరసికొనుటచే కలుగు ఈ నిరోధమునకు స్నిగ్ధత యని పేరు. అందరును నిత్యము చూచుచున్న ఈ విషయమును గణితమున బంధించిన మహనీయులలో అగ్రగణ్యుడు స్టోక్సు.

ఆయన 1819వ సంవత్సరము ఆగష్టు 13వ తేదీన ఐర్లాండు దేశమున స్లైగో మండలమందలి స్క్రీన్ అను పల్లెలో జన్మించెను. తండ్రి ఆ గ్రామమున క్రైస్తవ మతాచార్యుడు. సంతానములో స్టోక్సు కడపటివాడు. తొలిచదువు ఇంటనే తండ్రియొద్ద సాగెను. పిమ్మట డబ్లిను, బ్రిస్టలు నగరములలో చదివి, 1837లో కేంబ్రిడ్జి యందలి పెంబ్రోకు కళాశాలలో చేరెను. 1841లో గణితపరీక్షయందు విశ్వవిద్యాలయమున కెల్ల ప్రథముడుగా నిలిచెను. 1849లో, పూర్వము న్యూటను మహాశయుడు అలంకరించిన గణితాచార్య పీఠము ఆయనకు లభించెను. అప్పటికి ఆయన వయస్సు 30 ఏండ్లు. మరణపర్యంతము, అనగా 54 సంవత్సరములు, ఆ పీఠమున నుండెను.

1845లో స్టోక్సు ద్రవముల అంతర్ఘర్షణమును గూర్చి గొప్ప వ్యాసమును రచించెను. ఫ్రాన్సు దేశపు ఇంజనీరగు నేవియర్ అంతకు ముందే వేరొక మార్గమున ఇట్టి సమీకరణములను సాధించియుండెను. కావున అవి నేడు నేవియర్–స్టోక్సు సమీకరణములని ఇరువురి పేరనే ప్రసిద్ధి గాంచినవి.

వీని భావమును తెలిసికొనుటకు రెండు పలకలను సమాంతరముగ నుంచి, వాని నడుమ సన్నని సందున ద్రవము నెమ్మదిగా పారుచున్నట్లు ఊహింపవలెను. పలకల నంటియున్న పొర కదలదు. దాని ప్రక్క పొర కొంచెము కదలును. పలకలకు దూరమైన కొలది వేగము పెరిగి, నట్టనడుమ మిక్కిలి హెచ్చుగ నుండును. ఇందొక విశేషము కలదు. సందును సగము చేసినచో, తక్కినవేవియు మారకున్నను, పారు ద్రవము సగమునకు గాక ఎనిమిదవ వంతునకు తగ్గిపోవును.

అయితే పలకనంటిన పొర నిజముగ నిలిచియుండునా, లేక జారునా యనునది ఆనాడు తేలని ప్రశ్న. 1845లో స్టోక్సు తన లెక్కలను గొట్టములందును కాలువలందును పూర్వులు చేసిన కొలతలతో పోల్చి చూడగా, అవి సరిపడలేదు. పెద్ద గొట్టములందు నీరు సుడులు తిరుగుచు పారుటయే అందులకు కారణమని తరువాతి కాలమున తెలిసినది. తన సిద్ధాంతమునకు ప్రతికూలమైన ఆ ఫలితమును ఆయన దాచక ప్రకటించి, ప్రశ్నను విడువక పట్టియుండెను. 1851లో గాలియందు ఊగు లోలకములను పరిశీలించి, అంటిన పొర కదలదను భావమే ప్రయోగములతో పొసగుచున్నదని నిరూపించెను. ద్రవమున మెల్లగా పడు చిన్న గోళమునకు కలుగు నిరోధమును తెలుపు సూత్రము ఆ వ్యాసమందలిదే. మేఘమందలి సూక్ష్మబిందువులు వెంటనే నేల రాలక యుండుటకు గల కారణమును దానివలన తెలియవచ్చినది.

1854 మొదలు 1885 వరకు, 31 సంవత్సరములు, ఆయన రాయల్ సొసైటీకి కార్యదర్శిగ నుండెను. ఇతరులు పంపిన వ్యాసములను చదువుట, దోషములను దిద్దుట, యువకులకు సలహాల నిచ్చుట ఆయన నిత్యకృత్యమయ్యెను. స్వీయ పరిశోధనకు తీరిక తగ్గెను. ఇంతటి మేధ పరుల పనులకే వ్యయమగుచున్నదని మిత్రులు చింతించిరి. సూర్యకాంతి వర్ణపటమందలి నల్లని గీతల రహస్యమును ఆయన ముందే మిత్రుడు విలియం థామ్సనుతో ముచ్చటించియుండెను. కాని దానిని అచ్చువేయలేదు. 1859లో జర్మను శాస్త్రజ్ఞుడు కిర్కాఫ్ దానిని నిరూపించెను. థామ్సను ఆ కీర్తిలో స్టోక్సునకు భాగము కలదని వాదించినను, ఆయన దానిని అంగీకరింపలేదు.

1857లో ఆయన మేరీ రాబిన్‌సనును వివాహమాడెను. వివాహితులు కళాశాల సభ్యులుగ నుండరాదను నాటి నియమముచే ఆ సభ్యత్వమును కోల్పోయెను. నియమము మారిన పిదప మరల పొందెను. 1885 నుండి 1890 వరకు రాయల్ సొసైటీ అధ్యక్షుడుగ నుండెను. 1889లో బేరొనెట్ బిరుదము లభించెను.

1898లో లివర్‌పూలునందలి హీలీ-షా అను ఇంజనీరింగు ఆచార్యుడు రెండు గాజుపలకల నడుమ చిక్కని ద్రవమును పారించి, అందు రంగు ధారలను వదలి, అడ్డముగ నుంచిన వస్తువును అవి చుట్టిపోవు తీరును కంటికి చూపెను. ఘర్షణ లేని ఊహాద్రవమునకు గణితము తెలుపు రేఖలే అచ్చట కనిపించెను! ఘర్షణకు నిలయమైన ద్రవము ఘర్షణ లేనిదాని రూపమును చూపుటకు హేతువేమి? 79 ఏండ్ల వృద్ధుడగు స్టోక్సు ఆ సంవత్సరమే గణితముచే దానిని నిరూపించెను. తాను యౌవనమున నాటిన విత్తు మరొకరి ప్రయోగశాలలో ఫలించుటను చూచు భాగ్యము ఆయనకు కలిగెను. మరుసటి యేట ఆయన ఆచార్యపదవీ స్వర్ణోత్సవము కేంబ్రిడ్జిలో వైభవముగ జరిగెను. 1903 ఫిబ్రవరి 1వ తేదీన ఆయన పరమపదించెను.

ఇతరుల వ్యాసములను దిద్దుటలో గడచిన ఆ సంవత్సరములు వృథాయైనవా? కావని చెప్పవచ్చును. ఒకరి జ్ఞానము మరొకరికి చేరుటకు నడుమ నిలిచి శ్రమించువారు లేనిదే శాస్త్రము వర్ధిల్లదు. పుస్తకము నొకరి చేతినుండి మరొకరి చేతికందించు గ్రంథాలయములు చేయుచున్న సేవయు అట్టిదే. స్టోక్సు జీవితము మన చదువరులకు స్మరణీయము.