సెసిల్ హీలీ

సెసిల్ పాట్రిక్ హీలీ (1881 నవంబరు 28 - 1918 ఆగస్టు 29) ఆస్ట్రేలియాకు చెందిన ఈతగాడు, సముద్రతీర ప్రాణరక్షకుడు. 1912లో స్టాక్‌హోంలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఒక స్వర్ణ పతకం, ఒక రజత పతకం సాధించాడు. ఒలింపిక్ స్వర్ణం పొందిన ఆస్ట్రేలియన్లలో యుద్ధరంగంలో మరణించినవాడు ఇతడొక్కడే. అయినా క్రీడాచరిత్రలో ఇతని పేరు ఎక్కువగా వినిపించేది గెలిచిన పందెం వల్ల కాదు, ఓడిన పందెం వల్ల.

తొలి జీవితం

హీలీ సిడ్నీ నగరంలోని డార్లింగ్‌హర్స్ట్‌లో జన్మించాడు. తండ్రి న్యాయవాది. చిన్నతనం కొంతకాలం బౌరల్ అనే ఊరిలో గడిచింది. తరువాత సిడ్నీలో ఈత సంఘంలో చేరి పోటీలలో పాల్గొనసాగాడు. ఈతను వృత్తిగా చేసుకోలేదు. ఊరూరా తిరిగి సరుకులకు గిరాకీ తెచ్చే విక్రయ ప్రతినిధిగా జీవనం సాగించాడు.

ఆ కాలంలో సిడ్నీలో ఒక కొత్త ఈత పద్ధతి రూపుదిద్దుకొంటున్నది. చేతులను ఒకదాని తరువాత ఒకటి నీటిపైనుంచి ముందుకు వేస్తూ, కాళ్ళను పైకీ కిందికీ ఆడించే ఈ పద్ధతికి క్రాల్ అని పేరు. హీలీ ఇందులో ఆరితేరాడు. 1906లో ఏథెన్సులో జరిగిన క్రీడలలో 100 మీటర్ల పందెంలో అమెరికాకు చెందిన చార్లెస్ డేనియల్స్, హంగేరీకి చెందిన జోల్తాన్ హల్మయ్‌ల తరువాత మూడవ స్థానం పొందాడు. అక్కడినుండి ఐరోపాలోని పలు దేశాలు తిరిగి పందేలలో పాల్గొన్నాడు. ఆ ప్రాంతాలలో క్రాల్ వ్యాపించడానికి ఈ పర్యటన తోడ్పడింది.

సముద్రతీర రక్షణ

1902 వరకు న్యూ సౌత్ వేల్స్ తీరంలో పగటిపూట సముద్రస్నానం నిషిద్ధం. ఆ సంవత్సరం విలియం గోచర్ అనే పత్రికా సంపాదకుడు మాన్లీ తీరంలో ఆ నిబంధనను బహిరంగంగా ఉల్లంఘించాడు. ఆంక్షలు సడలిన కొద్దీ తీరానికి జనం పోటెత్తారు. ఈత రానివారే అందులో ఎక్కువ. ఒడ్డునుండి లోపలికి లాగే ప్రవాహాలలో చిక్కి కొందరు మునిగిపోసాగారు. దీనితో స్వచ్ఛంద రక్షక దళాలు ఏర్పడ్డాయి. హీలీ మాన్లీ దళంలో సభ్యుడు.

రక్షకుడు నడుముకు పట్టీ కట్టుకొని నీటిలోకి దూకుతాడు. పట్టీకి కట్టిన పొడవాటి తాడును ఒడ్డున ఉన్న పెద్ద రాట్నం నుండి సహచరులు వదులుతూ ఉంటారు. మునుగుతున్న మనిషిని పట్టుకొని అతడు చేయి పైకెత్తితే, వారు తాడును వెనక్కి లాగుతారు. తడిసిన తాడు బరువును ఈడ్చుకొంటూ అలలకు ఎదురు ఈదడం తేలిక కాదు. కొలనులో పతకానికి పనికివచ్చే వేగం ఇక్కడ ప్రాణం నిలిపేది.

స్టాక్‌హోం

1912లో ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ కలిసి ఆస్ట్రలేషియా పేరుతో ఒకే జట్టుగా వెళ్ళాయి. 100 మీటర్ల పందెం సెమీఫైనల్ రోజున హవాయికి చెందిన డ్యూక్ కహానమోకు, అతని అమెరికా సహచరులు కొలను వద్దకు రాలేదు. పందెం ఆ సాయంత్రమే ఉన్నదన్న సంగతి వారికి సరిగా అందలేదు. నియమం ప్రకారం వారు పోటీ నుండి తప్పుకొన్నట్లే. కహానమోకు లేకపోతే స్వర్ణం దక్కే అవకాశం ఉన్నవారిలో హీలీ ఒకడు. అయినా హీలీ, అతని జట్టు యాజమాన్యం అమెరికన్లకు అవకాశం ఇవ్వాలని వాదించారు. చివరకు న్యాయనిర్ణేతలు ప్రత్యేకంగా మరొక పందెం జరిపించారు. అందులో కహానమోకు 1 నిమిషం 2.4 సెకన్లలో ఈది అప్పటి ప్రపంచ రికార్డును సమం చేశాడు.

ఫైనల్‌లో కహానమోకు 1 నిమిషం 3.4 సెకన్లతో స్వర్ణం గెలిచాడు. హీలీ 1.2 సెకన్లు వెనుకబడి రెండవవాడయ్యాడు. నిర్ణయం వేరుగా ఉంటే ఆ స్వర్ణం తప్పక హీలీకే దక్కేదని చెప్పలేము. కాని తనకంటే వేగవంతుడని తెలిసిన మనిషిని పోటీలోకి రానివ్వమని అతడు కోరాడన్నది వాస్తవం.

కొద్దిరోజులకే జరిగిన 4x200 మీటర్ల రిలేలో హీలీ, హెరాల్డ్ హార్డ్‌విక్, లెస్లీ బోర్డ్‌మన్, న్యూజీలాండ్‌కు చెందిన మాల్కమ్ చాంపియన్ కలిసి 10 నిమిషాల 11.6 సెకన్ల ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచారు. రెండవ స్థానంలో నిలిచినది కహానమోకు ఉన్న అమెరికా జట్టే. 400 మీటర్ల పందెంలో మాత్రం హీలీ నాలుగవ స్థానంతో సరిపెట్టుకున్నాడు.

1914 చివర కహానమోకు సిడ్నీకి వచ్చి, మాన్లీకి పొరుగున ఉన్న ఫ్రెష్‌వాటర్ తీరంలో పలకపై నిలబడి అలలమీద సాగే విద్యను ప్రదర్శించాడు.

యుద్ధం, మరణం

1915లో హీలీ సైన్యంలో చేరాడు. మొదట ఈజిప్టులో, తరువాత ఫ్రాన్సులో సరఫరా విభాగంలో పనిచేశాడు. అది యుద్ధరేఖకు వెనుక ఉండే ఉద్యోగం. దానిని వదులుకొని పదాతిదళంలోకి మారాలని కోరి, ఇంగ్లాండులో శిక్షణ పొంది, 1918లో 19వ బెటాలియన్‌లో సెకండ్ లెఫ్టినెంటు అయ్యాడు. అదే ఏడాది ఆగస్టు 29న, సోమ్ నది ప్రాంతంలో పెరోన్ పట్టణం వైపు ఆస్ట్రేలియా దళాలు చొచ్చుకుపోతున్నపుడు శత్రువుల కాల్పులలో మరణించాడు. అప్పటికి వయస్సు 36 సంవత్సరాలు. యుద్ధం ముగియడానికి మూడు నెలలు కూడా లేదు. సమాధి ఫ్రాన్సులోని అస్సెవిలేర్‌లో ఉన్నది.

1981లో హీలీ పేరును అంతర్జాతీయ ఈత ప్రముఖుల జాబితాలో చేర్చారు. కహానమోకు పేరు 1965 నుండే అందులో ఉన్నది.