సర్ ఉపేంద్రనాథ బ్రహ్మచారి జీవితము

వ్యాధి పేరు తెలిసినంత మాత్రమున వ్యాధి పోదు. దాని కారణము కంటికి కనబడినను, మందు లేనిచో రోగికి కలుగు మేలు స్వల్పము. కాలా ఆజార్ అను ఘోరజ్వరము విషయమున ఈ రెంటికిని నడుమ పదునేడు సంవత్సరముల దూరముండెను. ఆ దూరమును ఒక చిన్న గదిలో, కిరోసిన్ దీపపు వెలుతురున కృషి చేసి దాటిన మహనీయులు ఉపేంద్రనాథ బ్రహ్మచారి గారు.

వీరు 1873వ సంవత్సరము డిసెంబరు 19వ తేదీన బీహారులోని జమాల్పూరునందు జన్మించిరి. తండ్రి నీలమణి బ్రహ్మచారి గారు రైల్వే వైద్యులు. ఉపేంద్రనాథుడు మొదట గణితశాస్త్రమున ప్రీతి గలవాడై హుగ్లీ కళాశాలలో 1893లో పట్టభద్రుడయ్యెను. మరుసటి యేడు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలయందు రసాయనశాస్త్రమున ఎం.ఏ. పట్టమందెను. అటుపై వైద్యవిద్య నభ్యసించి 1902లో ఎం.డి. యయ్యెను. రక్తకణములు విచ్ఛిన్నమగు విధమును పరిశోధించి 1904లో పిహెచ్.డి. బిరుదము నందెను. గణితము, రసాయనము, వైద్యము అను నీ మూడు విద్యలును వేర్వేరు త్రోవలని లోకులకు తోచును. వీరి జీవితమున నవి యొక్కచోట కలసినవి.

ఆ కాలమున వంగ, బీహారు, అస్సాము దేశముల పల్లెలను కాలా ఆజార్ పీడించుచుండెను. ఈ జ్వరము వారములు, నెలలు విడువక యుండును. కడుపులో ఎడమప్రక్క బల్ల, అనగా ప్లీహము, పెరిగి నాభి దాటి దిగును. ఆకలి చెడకున్నను రోగి నానాటికి కృశించును. రక్తము తగ్గును, మేని చాయ నల్లబడును. అందువలననే ఆ పేరు వచ్చినది. చలిజ్వరమని భ్రమించి క్వినైను ఇచ్చినను గుణము కనబడదు. శరీరమునకు సహజమైన రక్షణబలము క్షీణించుటచే, అదను కాచుకొనియున్న ఇతర సూక్ష్మజీవులు లోపల ప్రవేశించును. పెక్కుమంది కడకు ఊపిరితిత్తుల వాపు చేతనో, రక్తవిరేచనముల చేతనో, నోటి పుండ్ల చేతనో మరణించుచుండిరి. అస్సాములోని నౌగాంగు జిల్లాయందు 1891 మొదలు 1901 వరకు గల పదియేండ్లలో జనసంఖ్య సుమారు నాలుగవ వంతు తగ్గినట్లు జనాభా లెక్కలు తెలుపుచున్నవి.

ఈ రోగమునకు మూలమైన పరాన్నజీవి 1903లో లోకమునకు తెలిసెను. డమ్‌డమ్‌లో జ్వరపడి, ఇంగ్లండులో మరణించిన యొక సైనికుని ప్లీహమునందు లీష్మన్ అను వైద్యుడు దానిని కనుగొని ప్రకటించెను. ఆ సంవత్సరమే తెలుగు జిల్లాలకును రాజధానియైన మదరాసునందు డోనొవన్ అను వైద్యుడు జీవించియున్న రోగి ప్లీహమునుండి సూదితో రసము తీసి, సూక్ష్మదర్శనిలో అవే బిందువులను చూచెను. ఇరువురి పేర్లును ఆ జీవికి స్థిరపడినవి. రోగనిర్ణయమున కాధారము దొరకెను గాని, మందు మాత్రము దొరకలేదు. చికిత్స లేని రోగులలో నూటికి తొంబది మందికి పైగా మరణించుచుండిరి. 1915 నుండి ఆంటిమొనీ లోహపు లవణమొకటి సూదిమందుగా వాడుకలోనికి వచ్చెను. అది కొంత మేలు చేసినను, నెలల తరబడి ఎక్కింపవలసి యుండెను. వాంతులు కలుగును, గుండె బలహీనపడును. రోగులనేకులు నడుమనే మానివేయుచుండిరి.

బ్రహ్మచారి గారు 1905లో కలకత్తాలోని కాంబెల్ వైద్యపాఠశాలయందు అధ్యాపకులుగాను, చికిత్సకులుగాను చేరిరి. అదియే నేటి నీలరతన సర్కార్ వైద్యకళాశాల. అచట వీరికి పరిశోధనకు దొరకినది ఒక ఇరుకు గది. దానిలో గ్యాసు లేదు, నీటికుళాయి లేదు, విద్యుద్దీపము లేదు. పగలంతయు రోగులను చూచి, రాత్రులందు దీపము ముందు కూర్చుండి పరిశోధించుచుండిరి. ఆర్సెనిక్ అను పాషాణముతో చేసిన మందులు కొన్ని అప్పటికే ఇతర రోగములందు పనిచేయుచుండెను. ఆర్సెనిక్, ఆంటిమొనీ రసాయనశాస్త్రరీత్యా ఒకే కుటుంబమునకు చెందినవి. కావున ఆర్సెనిక్ స్థానమున ఆంటిమొనీ నుంచి క్రొత్త సమ్మేళనములను తయారు చేసిరి. వానిలో నొకటి గుణమిచ్చినను, సూది వేసినచోట తాళలేని బాధ కలిగించుచుండెను. యూరియా చేరిన క్వినైను బాధను తగ్గించుటను తలచుకొని, ఆ సమ్మేళనమునకు యూరియాను కలిపిరి. ఇట్లు 1920లో యూరియా స్టిబమైను పుట్టెను.

ఈ మందుతో చికిత్సాకాలము నెలలనుండి వారములకు దిగెను. ప్లీహము కుదించుకొని పోయెను, జ్వరము విడిచెను. అస్సాము చికిత్సాకేంద్రములలో వేలకొలది రోగులకు దీని నిచ్చిరి. మృత్యువు వాకిట నున్నవారు తిరిగి నాగలి పట్టిరి.

సామాన్యులైనచో ఇంతటితో తృప్తి పడెడివారు. బ్రహ్మచారి గారు స్వస్థులైన రోగులను విడువలేదు. వారిలో కొందరికి కొన్నాళ్లకు ముఖముపైనను, మేనిపైనను తెల్లని మచ్చలును, చిన్న బొడిపెలును కనబడెను. జ్వరము లేదు, బాధ లేదు. కొందరు కుష్ఠమని భయపడుటయు కలదు. వీరు ఆ చర్మమును పరీక్షించి, అందు అవే పరాన్నజీవులు దాగియున్నవని 1922లో ప్రకటించిరి. అప్పటికి ఈ రోగము నెవరు మోయుచున్నారో తెలియదు. 1942లో అస్సామునందు మనుజులపై జరిగిన పరీక్షలవలన ఇసుక ఈగ దీనిని ఒకరినుండి మరియొకరికి చేర్చునని నిశ్చయమయ్యెను. మచ్చలు గల మనుజుని కుట్టిన ఈగ వ్యాధిని తిరిగి ఊరిలోనికి తెచ్చును. కావున ఊరు బాగుపడవలెనన్న, బాగుపడినవానిని సైతము మరల పరీక్షింపవలెను.

వీరి పేరు 1929లో నోబెల్ బహుమానమునకు ప్రతిపాదింపబడెను. బహుమానము మాత్రము రాలేదు. 1934లో సర్ బిరుదము లభించెను. 1936లో ఇండోరునందు జరిగిన భారత విజ్ఞానమహాసభ కధ్యక్షత వహించిరి. 1946 ఫిబ్రవరి 6వ తేదీన పరమపదించిరి.

కాలక్రమమున పరాన్నజీవి ఆంటిమొనీ మందులకు అలవాటుపడెను. బీహారులో అవి శక్తి కోల్పోయినవి. నేడు వేరు మందులు వచ్చినవి, కొన్ని ఒక్క మోతాదులోనే పనిచేయుచున్నవి. వ్రేలికొనపు రక్తబిందువుతో రోగమును కనిపెట్టు పరీక్షయు కలదు. ఎయిడ్స్ వంటి రోగముచే రక్షణబలము తగ్గినవారిలో ఇది మరల మరల తలయెత్తును. మందు మారినను, బ్రహ్మచారి గారు చూపిన పద్ధతి మారలేదు. రెండు వారములు దాటిన జ్వరమును, పెరిగిన బల్లను ఉపేక్షింపరాదు. తగ్గిన రోగిని మరువరాదు. ఇప్పటికిని బీహారు పల్లెలలో ఆరోగ్యకార్యకర్తలు, జ్వరము విడిచి యేండ్లు గడచినవారి ముంగిళ్లకు పోయి, మేనిపై మచ్చలున్నవా యని చూచుచున్నారు.